సాకేత్ మైనేని జతగాళ్ళు

మన ఇళ్ళలో టెన్నిస్ మాట వస్తే పెద్దవాళ్ళు అమృత్‌రాజ్ అన్నదమ్ములంటారు, పిల్లలు సానియా మీర్జా అంటారు. సాకేత్ మైనేని అంటే మాత్రం "ఎవరు?" అనే అడుగుతారు. కృష్ణా జిల్లా ఉయ్యూరులో 1987లో పుట్టి, అమెరికాలో అలబామా యూనివర్సిటీ తరఫున ఆడి, తిరిగొచ్చి మన దేశానికి ఆడినవాడు. ఆరడుగులు దాటిన మనిషి. 2014లో ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారం, అక్కడే సనమ్ సింగ్‌తో వెండి. తొమ్మిదేళ్ళ తర్వాత 2023లో హాంగ్జౌలో రామ్‌కుమార్ రామనాథన్‌తో మళ్ళీ వెండి. మూడు పతకాలు, ముగ్గురు జతగాళ్ళు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా రాజపాళయం ఇంట్లో పోయిన ఎండాకాలం నుంచి ఒక తగువు నడుస్తోంది. మా అక్క కొడుక్కి పదిహేడేళ్ళు. పదేళ్ళప్పటి నుంచి టెన్నిస్ ఆడుతున్నాడు. "సింగిల్స్ వద్దు, డబుల్సే నా ఆట. అమెరికా కాలేజీకి వెళ్ళి ఆడతాను" అన్నాడు. బావకి బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాలు ఉన్నాయి, ప్రతి రూపాయికీ లెక్క చూసే మనిషి. "సగం ఆటకి పూర్తి డబ్బు ఎందుకు పెట్టాలిరా?" అన్నాడు. స్కాలర్‌షిప్ రాకపోతే ఊరి చివర కొండ పక్కనున్న మామిడి తోటని అమ్మాలి. అది తాత నాటిన తోట.

అక్క నాకు ఫోన్ చేసింది. "నువ్వు తెలుగు చదువుతావు కదా, ఆ సాకేత్ అబ్బాయి సంగతి వెతికి చెప్పు." మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం గానీ చదివేది తమిళం. నేను మాత్రం నాయన మిల్లు ఉద్యోగం వల్ల దావణగెరెలో కన్నడ మీడియంలో చదివాను. కన్నడ వచ్చినవాడికి తెలుగు అక్షరాలు సగం వచ్చినట్టే, తలకట్టు మారుతుంది అంతే. కన్నడలో "జొతె" అంటే తోడుగా, కలిసి. మన "జత" కూడా ఆ ఇంటిదే అనిపిస్తుంది నాకు.

డబుల్స్ ఎట్లా నడుస్తుందో మొదట బావకి చెప్పాల్సి వచ్చింది. ర్యాంకు జోడీకి కాదు, ఒక్కో మనిషికి విడిగా ఉంటుంది. ఇద్దరూ గెలిస్తే ఇద్దరి పేరునా అవే పాయింట్లు పడతాయి. టోర్నమెంటులో చోటు దొరకాలంటే ఇద్దరి ర్యాంకులూ కలిపి చూస్తారు. నీది 90, నీ జతగాడిది 110 అయితే మొత్తం 200. జతగాడు 60కి ఎదిగితే అతనికి నీకంటే మంచి జోడీ దొరుకుతుంది, వెళ్ళిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. పెళ్ళి కాదు కదా! బహుమతి డబ్బు జోడీకి ఇస్తారు, ఇద్దరూ పంచుకోవాలి. ఛాలెంజర్లని పెద్ద టోర్నమెంట్ల కింది మెట్టు ఒకటుంది. అక్కడ గెలిచినా విమానం టికెట్లు, రాకెట్ తీగలు, ఫిజియో ఖర్చు పోను మిగిలేది తక్కువే. "చూశావా" అన్నాడు బావ.

చూశాను. సాకేత్ విషయంలో ఇంకోటి కూడా చూశాను. అతను మొదటినుంచీ డబుల్స్ మనిషి కాడు. 2016లో యూఎస్ ఓపెన్ సింగిల్స్‌కి క్వాలిఫయింగ్ గెలిచి మెయిన్ డ్రాలోకి వెళ్ళాడు. మొదటి రౌండులో జిరి వెసెలీతో ఐదు సెట్లు ఆడి, కండరాలు పట్టేసిన కాళ్ళతో ఓడిపోయాడు. అదే సెప్టెంబరులో ఢిల్లీలో స్పెయిన్‌తో డేవిస్ కప్. లియాండర్ పేస్ పక్కన నిలబడ్డాడు, అవతల నాదల్, మార్క్ లోపెజ్. మొదటి సెట్టు మనవాళ్ళదే. తర్వాతి మూడూ పోయాయి. ఆ మ్యాచ్ వీడియో బావకి చూపించాను. నాదల్ కొట్టే బంతికి నెట్ దగ్గర నిలబడడం సగం ఆటా కాదా అనేది ఆయనే చూసుకోవాలి.

తర్వాత గాయాలు. 2022 నాటికి యూకీ భాంబ్రీతో కలిసి ఛాలెంజర్లలో వరసగా టైటిళ్ళు కొట్టాడు, 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఇద్దరూ కలిసి ఆడారు. ఆ పైన దారులు వేరయ్యాయి. యూకీ 2025లో మైఖేల్ వీనస్‌తో యూఎస్ ఓపెన్ సెమీస్ దాకా వెళ్ళాడు. సాకేత్ రామ్‌కుమార్‌తో కలిశాడు. హాంగ్జౌ వెండి అప్పుడొచ్చిందే, ముప్పయ్యారుకి కొన్ని వారాల ముందు. 2024 ఫిబ్రవరిలో డేవిస్ కప్‌కి ఇస్లామాబాద్ వెళ్ళినప్పుడు మళ్ళీ సాకేత్, యూకీ ఒకే పక్క నిలబడి గెలిచారు. విడిపోయిన మనిషితో మళ్ళీ కలిసి ఆడడం, మొహం మాడ్చుకోకుండా ఆడడం, నా లెక్కలో అదే ఈ వృత్తిలో కష్టమైన పని. సర్వీసు ఎవరైనా నేర్పిస్తారు.

నేను టెస్టర్‌ని. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు "డెవలపర్ ఎప్పుడవుతావు?" అని అడుగుతూనే ఉంటారు, నేను టెస్టింగ్ పై మెట్టుకి కాచుకున్నట్టు. అందుకే నాకు ఆ "సగం ఆట" మాట మీద కాస్త కోపం ఉంది. ఆ సంగతి దాచను.

కానీ అల్లుడి పక్షమే మాట్లాడలేదు నేను. అమెరికా కాలేజీ టెన్నిస్‌లో పోటీ డబుల్స్‌తో మొదలవుతుంది. మూడు డబుల్స్ మ్యాచ్‌లు కలిపి ఒకే పాయింటు, ఆ తర్వాత ఆరు సింగిల్స్‌కి ఒక్కోటి చొప్పున ఆరు పాయింట్లు. అంటే కోచ్‌కి రెండూ ఆడేవాడు కావాలి. పూర్తి స్కాలర్‌షిప్ అందరికీ రాదు కూడా. "సింగిల్స్ ఇప్పుడే వదిలితే నిన్ను ఎవరూ తీసుకోరు. సాకేత్ ముప్పైకి దగ్గరపడ్డాక కూడా సింగిల్స్ ఆడాడు" అన్నాను. వాడు మొహం ముడుచుకున్నాడు. "మామా, రిత్విక్ చౌదరి చూడు" అన్నాడు. హైదరాబాద్ కుర్రాడు రిత్విక్ బొల్లిపల్లి, 2024లో అర్జున్ కఢేతో కలిసి అల్మాటీలో ఏటీపీ డబుల్స్ టైటిల్ గెలిచాడు. చూశాను నాయనా, అతని పక్కన ఎవరున్నారో నువ్వూ చూడు అన్నాను.

ఇప్పటికి కుదిరింది ఇది. తోట అమ్మకం ఆగింది. ఒక సంవత్సరం ఇక్కడే జూనియర్ టోర్నమెంట్లు, సింగిల్స్ కూడా. కాలేజీలకి వీడియోలు పంపిస్తాడు, స్కాలర్‌షిప్ ఎంత వస్తుందో తెలిశాక డబ్బు మాట. డబుల్స్‌కి శివకాశి అబ్బాయి ఒకడు దొరికాడు, ఎడమచేతి వాటం. మొన్న అక్క చెప్పింది, బావ మగ్గాల షెడ్డు నుంచి నేరుగా కోర్టుకి వెళ్ళి గంటసేపు నిలబడ్డాడట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కొడుకుతో అన్న మాట ఒక్కటే: "ఆ శివకాశి పిల్లాడు నెట్ దగ్గర భయపడుతున్నాడు, వాడితో మాట్లాడు."