రెండు క్యాలెండర్ల నడుమ బక్రీదు

మా ఇంటి గోడకు రెండు క్యాలెండర్లు ఉంటాయి. ఒకటి తెనాలిలో కొన్నది. రెండవది మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి పంపిన బవేరియా రాష్ట్ర సెలవుల పట్టిక. పండుగకు పిల్లలు ఇల్లు చేరగలరా లేదా అన్నది ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

జర్మనీ అంతటికీ వర్తించే ప్రభుత్వ సెలవులు 9. మిగిలినవి రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. బవేరియాలో కతోలికులు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో అవి 13. ఆగ్స్‌బర్గ్ నగరానికి మాత్రం ఆగస్టు 8న శాంతి పండుగ పేర మరొకటి అదనం. పొరుగు ఊరికి అది లేదు. సెలవు ఆదివారం నాడు వస్తే మరునాటికి జరపరు, పోయినట్టే. విచిత్రమేమంటే, ఆ సెలవులలో కొన్ని చంద్రునితో ముడిపడినవే. మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చే పౌర్ణమి దాటిన తొలి ఆదివారం ఈస్టరు. గుడ్ ఫ్రైడే, ఈస్టరు సోమవారం, ఆరోహణ గురువారం, పెంతెకొస్తు సోమవారం దాని వెంటే కదులుతాయి. అయితే వారు ఆకాశం వైపు చూడరు. లెక్క కట్టి ఎన్నో ఏళ్ళ ముందే తేదీలు రాసి పెట్టుకుంటారు.

మనది కంటితో చూసి జరుపుకునే పండుగ. నెలవంక కనిపించకపోతే 30 రోజులు పూర్తి చేయడం దైవప్రవక్త (సల్లం) నేర్పిన పద్ధతి. పైగా చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులదే కావడం వల్ల పండుగ ఏటా 10, 11 రోజులు ముందుకు వస్తుంది. ఆ కార్యాలయాల్లోనేమో లీవు తేదీలు జనవరిలోనే అడుగుతారు. జూన్ నెలవంకను జనవరిలో ఎవరు చూపగలరు?

2025లో ఈదుల్ ఫిత్ర్ అక్కడ మార్చి 30, ఆదివారం వచ్చింది. లీవు ఖర్చు కాలేదు గాని, ఐరోపాలో గడియారాలను గంట ముందుకు జరిపేదీ ఆ తెల్లవారుజామునే. నమాజుకు వెళ్ళేవారికి గంట నిద్ర తగ్గింది. ఇక్కడ మాకు ఆ రోజు 29వ రోజా. మనవడు ఫోనులో షీర్ ఖుర్మా గిన్నె చూపిస్తుంటే మాకు ఇఫ్తారుకు ఇంకా చాలా పొద్దు ఉంది.

బక్రీదుకు అలా సరిపెట్టుకోదలచుకోలేదు. మా అమ్మగారికి 80 దాటాయి. కళ్ళు మసకబారాయి. ఫోను తెర మీది ముఖం ఆమెకు ఆనదు. మనిషిని దగ్గర కూర్చోబెట్టుకుని చేత్తో తడిమితేనే గుర్తు. చిన్న మునిమనవడిని ఆమె ఒక్కసారైనా తాకలేదు.

అందుకని జనవరిలోనే లెక్క వేశాము. అక్కడి బక్రీదు జూన్ 6, శుక్రవారం. 9న పెంతెకొస్తు సోమవారం సెలవు. 10 నుంచి 20 వరకు బవేరియా బడులకు సెలవులు. 19, గురువారం మరో కతోలిక పండుగ. 6 నుంచి 22 దాకా 17 రోజులు ఇంట్లో ఉంటే ఖర్చయ్యే లీవు 9 రోజులే. ఆ దేశంలో వారానికి 5 రోజులు పనిచేసే ఉద్యోగికి చట్టప్రకారం ఏడాదికి కనీసం 20 రోజుల లీవు ఉంది కనుక ఇది మోయగల భారమే.

చిక్కు బడితోనూ, తోటి ఉద్యోగులతోనూ వచ్చింది. అక్కడ బడి మానిపించి ప్రయాణం కడితే జరిమానా పడుతుంది. సెలవులకు ముందు విమానాశ్రయంలో పోలీసులు తల్లిదండ్రులను ప్రశ్నించిన సందర్భాలూ ఉన్నాయి. ఐతే ముస్లిం విద్యార్థులకు ఈద్ మొదటి రోజు బడికి రాకుండా ఉండే వెసులుబాటు బవేరియాలో ఉంది. అబ్బాయి ప్రయాణం సంగతి దాచకుండా ఉపాధ్యాయురాలికి చెప్పి అనుమతి తీసుకున్నాడు. ఇక 20, శుక్రవారం. సెలవు గురువారానికీ శనివారానికీ నడుమ చిక్కిన అటువంటి రోజును వారు ‘వంతెన దినం’ అంటారు. దాని మీద అందరికీ ఆశే. క్రిస్మస్ తరువాత డిసెంబరు 27, 30, 31 తేదీలలో మావాడు తానే కార్యాలయం చూసుకుంటానని చెప్పి సహోద్యోగులను ఇళ్ళకు పంపాడు. వంతెన శుక్రవారాన్ని వారు ఇతనికి వదిలారు. ఇటువంటి ఇచ్చిపుచ్చుకోలు ఏ చట్టమూ నేర్పదు.

మే 28 సాయంత్రం మన దేశంలో నెలవంక కనిపించింది. జూన్ 7, శనివారం బక్రీదు. కనిపించకపోయి ఉంటే 8న. అప్పటికీ పిల్లలు ఇంట్లోనే ఉంటారు. రెండు దేశాల మధ్య ఆ ఒక్క రోజు తేడా ఎప్పుడూ మాకు బాధే. ఈసారి అదే దారి ఇచ్చింది. గురువారం రాత్రి మ్యూనిక్‌లో విమానం ఎక్కినవారు శనివారం తెల్లవారుజామున తెనాలిలో రైలు దిగి, పండుగ నమాజు వేళకు భట్టిప్రోలు చేరారు. అల్‌హమ్దులిల్లాహ్.

ఖుర్బానీ మాంసం వాటాలు వేస్తున్నప్పుడు చిన్నవాడు దాదీ మంచం పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. ఏ ఇంటికి ముందు వెళ్ళాలో, ఏ ఇంట్లో పెద్దవారికి మెత్తటి ముక్కలు పెట్టాలో ఆమె చెబుతూ ఉంటే సంచులు అందించాడు. ఇక్కడి బడులు 12న తెరిచే వరకు మేనత్త పిల్లలతో ఆటలు. స్తూపం దిబ్బకు కూడా తీసుకువెళ్ళాము. అక్కడ దొరికిన భరిణెల మీది బ్రాహ్మీ రాతలను చదివిన బ్యూలర్ జర్మన్ పండితుడే అని చెబితే పెద్దవాడు నమ్మలేదు.

పట్టికలు మళ్ళీ తిరగేశాము. 2026, 2027లలో కూడా బక్రీదు పెంతెకొస్తు సెలవుల దగ్గరే వచ్చేలా ఉంది. 2028లో ఈ పొత్తు చెడుతుంది. వారి పెంతెకొస్తు జూన్ 4న. మన పండుగ మే మొదటి వారంలోనే. “అబ్బా, ఆ సంవత్సరం మీరే ఇక్కడికి రాకూడదా?” అని అబ్బాయి అడుగుతున్నాడు. అమ్మను ఎవరికి అప్పగించి బయలుదేరగలము? ఇంకా బదులు చెప్పలేదు.