నక్షత్రముల గాదెలు



గాదెలో గింజలెంత యున్నవో తెలియక సంసారము నడపజాలము గదా. గెలాక్సీలకును గాదె గలదు. అది హైడ్రోజను వాయువు; అది చల్లబడి చిక్కబడినగాని నక్షత్రములు పుట్టవు. చల్లని యీ వాయువు కంటికి గానరాదు. అయినను 21 సెంటీమీటర్ల పొడవుగల రేడియో తరంగమును వెలువరించును. 1944లో హాలెండు దేశీయుడగు వాన్ డె హుల్స్ట్ దీనిని ముందుగా నూహింపగా, 1951లో అమెరికాలో యూయెన్, పర్సెల్ అను వారు కనుగొనిరి.

నేను ఇంటియందే అమరకోశమును, కావ్యములను చదివికొన్నదానను. పదవ తరగతి చదువుచున్న మా యమ్మాయి, "ఆ వాయువును కొలుచుటకు ఒకే పెద్ద యాంటెన్నా మేలా, పెక్కు చిన్నవి మేలా?" యని యడిగినది. ఉపాధ్యాయులగు మావారి సాయమున నేను గ్రహించినది వ్రాయుచున్నాను.

ఒకే పెద్ద యాంటెన్నాను గెలాక్సీవైపు కొంతసేపు, ప్రక్కనున్న వట్టి యాకాశమువైపు కొంతసేపు త్రిప్పి, మొదటి కొలతనుండి రెండవదానిని తీసివేయుదురు. నేతిని గిన్నెతో తూచి గిన్నె బరువును తీసివేయుట వంటిదే యిది. మొత్తము వాయువెంతయో తెలియును. అది యెచ్చట నెట్లు పరచుకొన్నదో సూక్ష్మముగా తెలియదు.

మా బోథ్‌కు పొరుగు రాష్ట్రమగు మహారాష్ట్రలో, నారాయణగావ్ చెంత, గోవింద్ స్వరూప్ గారి పూనికతో వెలసిన జీ.ఎం.ఆర్.టి.యందు 45 మీటర్ల వెడల్పుగల యాంటెన్నాలు 30 గలవు. రెండు చెవులుండుటచే పిలుపు వచ్చిన దిక్కు తెలిసినట్లు, వీనిని జతపరచి వాయువు రూపమును చిత్రింతురు. దూరదూరముగా నున్న జతలు సూక్ష్మరూపమును తెలుపును గాని, పలుచగా పరచుకొన్న వాయువును జారవిడుచును. అందుచేత 14 యాంటెన్నాలను నడుమ దగ్గరదగ్గరగా నిలిపి, తక్కిన 16 మూడు బారులుగా దూరముగా నుంచిరి.

మిక్కిలి దూరపు గెలాక్సీల తరంగము ఎంత బలహీనమనగా, ఒక్కొక్కటిగా నేదియు పట్టువడదు. ఒక్క దూదిపింజకు త్రాసు కదలదు. వేల పింజలను కలిపి తూచినచో సగటు బరువు తెలియును. పత్తి పండించు మా సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రీతినే 7,653 గెలాక్సీల సంకేతములను కలిపి, 800 కోట్ల సంవత్సరముల నాటి వాయువును జీ.ఎం.ఆర్.టి. శాస్త్రజ్ఞులు కొలిచి 2020లో ప్రకటించిరి. క్రొత్త వాయువు వచ్చి చేరనిచో, ఆ నిలువ 100 నుండి 200 కోట్ల సంవత్సరములకే చాలునట! నక్షత్రముల పుట్టుక తరువాతి కాలమున తగ్గుటకు కారణము గాదె వట్టిపోవుటయే కావచ్చునని వారి తలంపు.

కావున ఏది మేలనుట ఏమి తెలియగోరుదుమో దానినిబట్టి యుండును. మొత్తమునకు ఒకటి, రూపమునకు పెక్కు, అతిదూరమునకు కూడిక.

పదవ తరగతి కాగానే పిల్లను బడి మాన్పింపుడని చుట్టములు చెప్పుచున్నారు. ఇట్టి ప్రశ్న వేయగల పిల్లను ఇంట కూర్చుండబెట్టుటకు మాకు మనసొప్పలేదు. పై చదువునకు పంప నిశ్చయించితిమి. మీ కొమార్తెలు అడుగు ప్రశ్నలను మీరును పొయ్యి పనిలో పడి త్రోసివేయకుడు.