చేయి తిరుగుట

నేర్పరిని గూర్చి "చేయి తిరిగినవాడు" అని మనవారు చెప్పుకొను మాటకంటె చక్కని మాట యీ విషయమున మఱియొకటి మాకు గానరాలేదు. వంటకత్తెకును, వడ్రంగికిని, వైణికునకును, కఱ్ఱసాము చేయువానికిని ఇదియే బిరుదము. ఈ మాటలో చేయి పుట్టుకతోనే తిరిగియున్నదని లేదు. తిరిగినదని మాత్రమే కలదు. అనగా తిరుగని కాల మొకటి యుండెననియు, తిరుగుటకు గొంత కాలము పట్టెననియు మన భాషయే యొప్పుకొనుచున్నది. అట్లుండియు మన పిల్లలను గూర్చి పలుకునపుడు మాత్రము మన మీ యర్థమును మఱచి, "వాడికి ఆట పుట్టుకతో వచ్చింది, దీనికి రాదు" అని యొక్క పూటలో తీర్పు చెప్పివేయుచున్నాము. ఈ తీర్పెంత తొందరపాటుదో, దానివలన నెవరు నష్టపోవుచున్నారో చదువరులకు మనవి చేయుటయే మా యుద్దేశము.

మేము వ్యాయామోపాధ్యాయులము గాము. కాళిదాసును, షేక్స్పియరును బోధించుచు నిరువదియేండ్లుగా నున్నత పాఠశాలలలో కాలము గడపుచున్నవారము. అయినను సాయంకాలమున మైదానపు గట్టుపై గూర్చుండి పిల్లల యాటలు చూచుట మాకు వాడుక. తరగతిలో నోరు మెదపని పిల్ల మైదానములో పదిమందిని కేకవేసి నిలువబెట్టుటయు, వ్యాకరణములో మేటియైన పిల్లవాడు తనవైపు వచ్చు బంతిని చూచి కన్నులు మూసికొనుటయు నచట చూచితిమి. అట్లు చూచుచుండగా గలిగిన సందేహములే మమ్ము మనశ్శాస్త్ర గ్రంథముల వైపు నడిపించినవి.

దేహమునకు విద్య యెట్లు పట్టువడునో కొలిచి చూచిన తొలితరము వారిలో బ్రయన్, హార్టర్ అను నమెరికా పండితు లిరువురు కలరు. వారు 1897, 1899 సంవత్సరములలో తంతివార్తల పనివాండ్ర యభ్యాసమును గూర్చి ప్రకటనలు చేసిరి. వార్తలు విని గ్రహించు నేర్పు కొంత దూరము పెరిగి, పిదప వారముల తరబడి కదలక నిలిచి, మరల పైకి లేచుటను వారు గమనించిరి. మొదట చెవి యొక్కొక్క యక్షరమును పట్టుకొనును. పిదప పదమును, ఆ పిదప మాటల గుంపును. పైమెట్టునకు గాలెత్తుటకు ముందు క్రిందిమెట్టుపై గాలు గట్టిపడవలెను గదా! ఇట్టి నిలుకడ ప్రతివానికిని దప్పక రావలసిన దశ గాదని 1958లో కెల్లర్ అను పండితుడు వాదించెను. ఆ వాద మట్లుండనిమ్ము. నిలుకడ వచ్చినంతమాత్రమున విద్య ముగిసినదని తలపరాదన్న మాటకు మాత్రము దానివలన గొఱత లేదు. మన యిండ్లలోనో, నెల దినములు పిల్లవాని యాట పెరుగకున్నచో "ఇంక వీడికింతే" అని బ్యాటు నటుకమీద పెట్టించుచున్నాము.

1967లో ఫిట్స్, పోస్నర్ అనువా రీ ప్రయాణమును మూడు దశలుగా విభజించిరి. మొదటి దశలో విద్య మాటల రూపమున నుండును: ఇట్లు నిలువవలెను, ఇట్లు పట్టుకొనవలెను, ఇపుడు వదలవలెనని పిల్ల తనలో దాను చెప్పుకొనును. రెండవ దశలో తప్పులు తగ్గి, చేష్టలు పొందికపడును. మూడవ దశలో మాటలు జారిపోయి పని తనంతట తాను సాగును. ఇది మనకు గ్రొత్త సంగతి గాదు. మహాభారతమున నాదిపర్వములో నొక చిన్న కథ కలదు. అర్జునుడు రాత్రి భుజించుచుండగా గాలికి దీప మాఱినది; అయినను చేయి త్రోవ తప్పక నోటికే పోయినది. చేతి కీ నేర్పు వాడుకవలననే వచ్చినదని యాతడు గ్రహించి, నాటి నుండి చీకటిలో విల్లెక్కుపెట్టి యభ్యసించెను. మూడవ దశ యననేమో యింతకంటె స్పష్టముగా నే గ్రంథము చెప్పగలదు? అర్జునుని గొప్పతనము చేయి చీకటిలో నోటికి పోవుటలో లేదు. అది మనయందఱికిని పోవును. దానిని చూచి "అభ్యాస మింత పని చేయునా!" అని యాశ్చర్యపడుటలో నున్నది.

అయితే ఎట్టి యభ్యాసము? ఇచట శాస్త్రము మన తలంపులను దలక్రిందులు చేయుచున్నది. 1979లో షే, మోర్గన్ అనువారు మూడు విధముల చేతిచేష్టలను రెండు జట్లకు నేర్పిరి. ఒక జట్టు మొదటిదానిని ముగించి రెండవదానికి, రెండవదానిని ముగించి మూడవదానికి బోయినది. రెండవ జట్టు మూడింటిని గలగలుపుగా నభ్యసించినది. నేర్చుకొనునపుడు మొదటి జట్టే మేలుగా నుండెను. కాని కొంత యెడమిచ్చి, పది దినముల పిదపను బరీక్షింపగా రెండవ జట్టే నిలిచినది! 1986లో గుడ్, మాగిల్ అనువారు బ్యాడ్మింటను తెలియని యువతులకు మూడు రకముల సర్వీసులు నేర్పి చూచినపుడును, కలగలుపుగా నేర్చినవారే తరువాతి పరీక్షలో మెఱుగైరి. ఎన్నడు నిలువని వైపున నిలిపి కొట్టింపగా నచటను వారే మెఱుగైరి. ఈ ఫలము ప్రయోగశాలలో గనబడినంత బలముగా మైదానములలోను, చిన్నపిల్లలయందును గనబడుట లేదని తరువాతివారి పరిశీలనలు తెలుపుచున్నవి. కావున దీనిని వేదవాక్యముగా గొనవలదు. కాని నేటి ప్రదర్శనము వేఱు, రేపు మిగులు విద్య వేఱు అను మూలసత్యము మాత్రము నిలుచుచున్నది.

ఇంకొక వింత గలదు. 1978లో బాడ్లీ, లాంగ్మన్ అనువారు బ్రిటను తపాలా యుద్యోగులకు మీటల యంత్రముపై వ్రాత నేర్పించు పద్ధతులను బరీక్షించిరి. దినమునకొక్క గంట నేర్చినవారు దినమునకు నాలుగు గంటలు నేర్చినవారికంటె తక్కువ గంటలలోనే విద్య పట్టుకొనిరి. దినములు మాత్ర మెక్కువ పట్టినవి. తీరా చూడగా పద్ధతిపై నందఱికంటె నసంతృప్తి చెందినవారును ఆ యొక్క గంట వారే! బాగుగా నేర్చుచున్న వానికి తాను బాగుగా నేర్చుచున్నట్లు తోపదు. త్వరగా మఱచువానికి తనయంతవాడు లేడని తోచును. నేర్చువానికే తెలియని యీ సంగతి గట్టుపై గూర్చున్న మన కొక్క చూపులో నెట్లు తెలియును?

తెలిసినదనుకొని తీర్పు చెప్పుటవలన నేమి జరుగునో మేము కన్నులార చూచితిమి. కొన్నియేండ్ల క్రిందట నొక పాఠశాలలో బాలికల బ్యాడ్మింటను జట్టు నొక్క యుదయమున నేర్చి కూర్చిరి. ఒక్కొక్క పిల్లకు పది సర్వీసులు; అంతటితో సరి. ఒక పిల్ల పదింట నాఱు వలకు గొట్టినది. ఆమె ప్రక్కన నిలిచిన పిల్ల యొక్కటియు దప్పలేదు. "చూశారా మాస్టారూ, కొందరికి పుట్టుకతోనే వస్తుంది" అని నిర్వాహకులలో నొకరు మాతో ననిరి. తప్పని పిల్ల తన యింటి యావరణలో నైదేండ్లుగా నన్నతో గూడి యాడుచుండుట మే మెఱుగుదుము. తప్పిన పిల్ల బ్యాటు పట్టి యాఱు వారములే యైనది. ఆమెకు సాయంకాలము లేదు. బడి విడిచినతోడనే చెల్లెలి నెత్తుకొనవలెను, నీళ్లు పట్టవలెను, తల్లి పనినుండి వచ్చులోపల పొయ్యి వెలిగింపవలెను. ఆ యుదయమున కొలిచినది వారి పుట్టుకను గాదు. వారి గడచిన సాయంకాలములను. పుట్టుకయని మనము పిలుచునది పెక్కుసారులు తీరికయే సుమా!

ఆ పిల్ల మరునా డాటకు రాలేదు. మేము తండ్రి నడుగగా నాతడు దుష్టుడు గాడు, కసరలేదు. "రానిదానికి ఎందుకండీ, వాడికైనా పనికొస్తుంది" అని మెల్లగా ననెను. బ్యాటు తమ్ముని చేతి కెక్కినది. ఆ తమ్ముడును మొదటి నెలలో బంతిని వలకే కొట్టుచుండెను. కాని వానిని "రానివా" డని యెవ్వరు ననలేదు. "నేర్చుకుంటాడు" అనిరి. ఒక్క తప్పునకే అక్కకు "రాదు" అనియు, తమ్మునకు "వచ్చును" అనియు నీ రెండు పదములను మన గృహములు పంచిపెట్టుచున్న తీరు మమ్ము నేటికిని బాధించుచున్నది.

మైదానపుటంచున నిలిచి కేకలు వేయు పెద్దల సంగతియు జెప్పవలసియున్నది. "మోచేయెత్తు! కాలు ముందుకు! మణికట్టు చూసుకో!" అని వారు చూపు ప్రేమ పిల్లకు సంకెల యగుచున్నది. 1998లో గాబ్రియేలె వుల్ఫ్, ఆమె సహచరులు మంచుజారుటను బోలిన యంత్రముపై నభ్యాసము చేయించి చూచిరి. తమ పాదములపై దృష్టి నిలిపినవారికంటె పాదముల క్రింది చక్రములపై దృష్టి నిలిపినవారు బాగుగా నేర్చిరి. దృష్టి యవయవముపై గాక, అవయవము చేయు పనిపై నుండవలెనన్నమాట. ద్రోణు డడిగినపుడు అర్జునునకు బక్షి తల కనబడినదే కాని తన భుజము కనబడలేదు గదా! 1992లో మాస్టర్స్ అను పరిశోధకుడు గోల్ఫు బంతిని గుంటలోనికి నెట్టు విద్యను రెండు విధములుగా నేర్పెను. నియమముల మాటలతో నేర్చినవారి నేర్పు పందెపు టొత్తిడిలో తడబడినది; మాటలకు మనసు చిక్కకుండునట్లు వేఱు పనిలో నుంచి నేర్పగా నేర్చినవారి నేర్పు తడబడలేదు. తనంతట సాగు చేష్టను భయమువలన మరల మాటలలోనికి లాగుటయే తడబాటునకు ముఖ్యకారణమని యా వాదము. మాస్టర్లు, తండ్రులు గట్టుపైనుండి చేయునదియు నిదియే.

సవరణయే వలదని మే మనము. దాని కొక మితము గలదు. 1990లో విన్‌స్టీన్, ష్మిట్ అనువారు ప్రతి ప్రయత్నము తరువాతను ఫలము చెప్పుటకంటె సగము ప్రయత్నములకు మాత్రమే చెప్పుటవలన విద్య యెక్కువగా నిలుచుటను జూపిరి. మాటిమాటికి జెప్పినచో పిల్ల మన మాటపై నానుకొనును. మన మాట లేనినాడు కూలబడును. నడక నేర్చు బిడ్డను తల్లి యొక చేయి విడిచి యొక చేయి పట్టి నడిపించుట మన మెఱిగినదే.

"అయినచో పుట్టుక యనునది లేనే లేదా?" యని కొంద ఱడుగవచ్చును. ఉన్నది. ఎత్తు, ఎముక, కండ తల్లిదండ్రులు పెట్టిన సొమ్ము. 2016లో రియో ఒలింపిక్సున రజతమును, 2019లో ప్రపంచ విజేతృత్వమును, 2021లో జరిగిన టోక్యో క్రీడలలో కాంస్యమును గడించిన పూసర్ల సింధు తల్లిదండ్రు లిరువురును వాలీబాలు క్రీడాకారులు. ఆ యెత్తు వంశము నుండి వచ్చిన దనుటలో సందేహము లేదు. కాని యా యిల్లు కుమార్తె కెత్తు నొక్కదానినే యిచ్చెనా? ఉదయములను, సాయంకాలములను, హైదరాబాదులోని గోపీచందు శిక్షణాలయమునకు బోవు దారిని గూడ నిచ్చినది. 2000 సంవత్సరమున సిడ్నీలో బరువులెత్తి కాంస్యము గెలిచి, ఒలింపిక్ పతక మందిన మొదటి భారత మహిళయైన కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళపు పిల్ల. ఇనుమెత్తు పని యాడుదానికి రాదని యా యింటివారు తలచియుండిన మన కా పేరు తెలిసెడిదే కాదు. అట్లు తెలియక పోయిన పేర్లెన్నియో!

కావున గృహస్థులకును, మాతోడి యుపాధ్యాయులకును మూడు మనవులు చేయుచున్నాము. జట్టు నొక్క యుదయమున నేరక, కొన్ని వారముల యెడముతో రెండు మూడు మాఱులు చూచి యేర్చుడు. తప్పిన పిల్ల కిదివఱ కెన్ని సాయంకాలములు దక్కినవో యడిగి తెలిసికొనుడు. ఆట నడుచునపుడు గట్టుపై మౌనము పాటించుడు. చెప్పవలసినది ముగిసిన పిదప నొక్కటే చెప్పుడు. ఇక మూడవది యన్నిటికంటె కష్టమైనది. ఇంటిపనిని తమ్మునకును బంచి, ఆడుపిల్లకు దినమున కొక్క గంట విడిచిపెట్టుడు. తపాలా యుద్యోగుల కా యొక్క గంటయే చాలినది. పతకములు రాకపోవచ్చును, వేయింటి కొకరికి గాని రావు. కాని తన చేయి నిన్న చేయలేని పనిని నేడు చేయుట తన కన్నులతో జూచుకొన్న పిల్ల, "నీకు రాదు" అని రేపు మఱియొకరు మఱియొక విషయమున ననునపుడు వెంటనే నమ్మదు. ఆ నమ్మకపోవుటయే మేము గోరు విద్య.