నా స్టాండప్ కాల్, వాళ్ల సహూర్

ఆ సోమవారం కూడా అలారం ఎప్పటిలాగే 4:45కి మోగింది. మొహం కడుక్కుని లాప్‌టాప్ తెరిస్తే ఏడు మిస్డ్ కాల్స్! హైదరాబాద్‌లో స్టాండప్ మీటింగ్ అయిపోయి అరగంటైంది. మేనేజర్ మెసేజ్ ఒక్కటే: "ఎక్కడున్నావ్?"

ఉన్నది సిదీ ఇఫ్నిలో. మొరాకో దక్షిణాన, అట్లాంటిక్ ఒడ్డున, కొండ అంచు మీద ఉన్న చిన్న ఊరు. నెల రోజులు ఇక్కణ్నుంచి పని చేసుకుంటానంటే మేనేజర్ పెట్టిన షరతు కూడా ఒక్కటే. పొద్దున తొమ్మిదిన్నర కాల్ తప్పకూడదు, తప్పితే వెనక్కి వచ్చెయ్యాలి.

ఏం జరిగిందంటే, మొరాకోలో గడియారం ఏడాదంతా గ్రీనిచ్ టైమ్ కన్నా ఓ గంట ముందుంటుంది. రంజాన్ మొదలయ్యే ముందు ఆదివారం దాన్ని గంట వెనక్కి తిప్పేస్తారు. పండుగయ్యాక మళ్లీ ముందుకి. 2018 నుంచి ఇదే పద్ధతి. ఇండియాతో నాలుగున్నర గంటల తేడా కాస్తా రాత్రికి రాత్రి ఐదున్నర అయిపోయింది. ఫోన్ తనంతట తానే సర్దుకుంది. సర్దుకోనిది నేనే.

"ఇక్కడ టైమ్ మార్చారు సర్" అంటే, "టైమ్ మార్చారా? ఇంకేదైనా నమ్మేలా చెప్పు" అన్నారు. వార్త లింకు పంపాక గానీ నమ్మలేదు. ఆ రోజు నుంచి నా స్టాండప్ తెల్లవారుజామున నాలుగింటికి.

అసలీ ఊరెలా తగిలిందో చెప్తా. మొరాకోలో లాప్‌టాప్ పట్టుకు తిరిగేవాళ్లంతా అగాదిర్ పక్కనున్న తఘాజూత్‌కి వెళ్తారు. సర్ఫింగ్, కోవర్కింగ్, కాఫీ షాపులు. నాకు సర్ఫింగ్ రాదు, బడ్జెట్ కూడా లేదు. మ్యాప్‌లో కిందికి జరుగుతూ పోతే ఇఫ్ని కనపడింది. కాసాబ్లాంకాలో ఫ్లైట్ దిగి, మరాకేష్ దాకా రైలు, అగాదిర్ దాకా బస్సు, తీజ్నీత్ దాకా ఇంకో బస్సు. అక్కణ్నుంచి 'గ్రాండ్ టాక్సీ'. పేరు చూసి మోసపోకండి, అది మన షేర్ ఆటోనే. ఆరుగురు పాసింజర్లు నిండేదాకా కదలదు. (నా ఈ-వీసా 30 రోజులకి. దాని మీద ఆఫీసు పని చేసుకోవచ్చా లేదా అని మీ హెచ్ఆర్‌ని ముందే అడగండి. నేను అడిగాకే టికెట్ కొన్నా.)

గది అద్దె నెలకి 2,800 దిర్హమ్‌లు. రూపాయల్లో ఎంతో లెక్కేసుకోండి. గచ్చిబౌలిలో నేను కట్టేదానికి పెద్ద తేడా లేదు, కాకపోతే ఇక్కడ కిటికీ తీస్తే సముద్రం. అదీ పొగమంచు లేని రోజున. చల్లటి సముద్ర ప్రవాహం ఈ తీరాన్ని ఆనుకుని పోతుంది కాబట్టి పొగమంచు పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. ఉతికిన జీన్స్ మూడు రోజులైనా ఆరలేదు. అదే పొగమంచుతో ఇక్కడివాళ్లు నీళ్లు పట్టుకుంటున్నారు! ఊరికి లోపలగా బూత్మెజ్గీదా అనే కొండ మీద పెద్ద పెద్ద వలలు నిలబెట్టారు. గాలికి వచ్చే మంచు వలకి తగిలి, చుక్కలు చుక్కలుగా కారి, పైపుల్లో కింది ఊళ్లకి చేరుతుంది. అంతకుముందు బావుల దాకా గంటల తరబడి నడిచి నీళ్లు మోసింది ఆడవాళ్లే. ఈ పథకం నడిపే దార్ సి హ్మాద్ అనే సంస్థకి 2016లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది.

ఊరి కథ వింటే నాకు మన యానాం గుర్తొచ్చింది. 1947 తర్వాత కూడా యానాం ఫ్రెంచివాళ్ల దగ్గరే ఉండిపోయినట్టు, 1956లో మొరాకోకి స్వాతంత్ర్యం వచ్చినా ఇఫ్ని మాత్రం 1969 జూన్ 30 దాకా స్పెయిన్ చేతిలోనే ఉంది. వాళ్లు 1934లో దిగి కట్టిన తెలుపు, నీలం బిల్డింగులు ఇంకా ఉన్నాయి. చర్చి ఇప్పుడు కోర్టు. ఓడ ఆకారంలో కట్టిన బిల్డింగ్ ఒకటుంది. పాత ఎయిర్‌స్ట్రిప్ మీద విమానాలు దిగడం ఎప్పుడో మానేశాయి. ఆదివారం అక్కడ సంత జరుగుతుంది, ఉల్లిపాయలు, టమాటాలు, పాత ఫోన్లు. ఉత్తరాన లెగ్జీరా బీచ్‌లో ఎర్రరాతి తోరణాలు రెండుండేవి. 2016లో ఒకటి కూలిపోయింది. మిగిలిన దాని కింద ఫొటో దిగి వచ్చేశా.

ఇంటావిడని 'ఖాల్తీ' అని పిలవమన్నారు, అంటే మన పిన్ని. వాళ్లబ్బాయికి 26, నా వయసే. పడవలొచ్చిన రోజు హార్బర్‌లో సార్డీన్ చేపల పెట్టెలు దింపుతాడు. సముద్రం బాగోకపోతే పని లేదు. యూట్యూబ్ చూసి నేర్చుకున్న ఇంగ్లీషు, షారుఖ్ ఖాన్ డైలాగులు, మధ్యలో ట్రాన్స్‌లేట్ యాప్. మా మాటలకి అవి సరిపోయాయి. నన్ను 'ఖూయా' అంటాడు, తమ్ముడూ, అన్నా రెండూ అదే.

మొదటి రెండు వారాలూ ఐదింటికి లేచి చీకట్లో ఒంటరిగా కాల్స్ మాట్లాడేవాణ్ని. ఆ రోజుల్లో ఎనిమిది దాటితే గానీ ఇక్కడ తెల్లవారదు. వీధంతా నిద్ర, సముద్రం హోరు, నా కీబోర్డు చప్పుడు. నిజం చెప్పొద్దూ, ఇన్‌స్టాలో పెట్టిన ఫొటోల్లో ఉన్నంత ఆనందం లేదు. ఓ వారం చివర్లో టికెట్ ముందుకి మార్చుకుందామని కూడా చూశా.

రంజాన్ మొదలయ్యాక కథ మారింది. నాలుగింటికి నా కాల్ మొదలయ్యి, అది ముగిసేసరికి కింద వంటింట్లో లైటు. తర్వాత ఎదురింట్లో, ఆ పక్కింట్లో. సహూర్, అంటే ఉపవాసం మొదలవకముందు తినే తిండి. ఖాల్తీ తలుపు తట్టి మ్సెమెన్ ఇచ్చేది. మడతలు పెట్టి కాల్చిన పరోటా అనుకోండి. పక్కన అమ్లూ: బాదం, ఆర్గాన్ నూనె, తేనె కలిపి నూరిన ముద్ద. "నువ్వు ఉపవాసం ఉండవు కదా, అయినా తిను, ఈ టైమ్‌లో పని చేసేవాడివి" అనేది. ఒంటి గంటకి నా డ్యూటీ అయిపోయేది. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో పొద్దు గుంకగానే హరీరా సూప్, ఖర్జూరాలు. వాళ్లతోపాటే.

అలాంటి ఓ రాత్రి డాబా మీద అతను అడిగాడు. "నీ పని నీ వెనకాలే వస్తుంది. నాకు పని ఉన్న చోటికి నన్ను రానివ్వరు. నీకు వీసా ఎన్ని రోజుల్లో వచ్చింది?" చెప్పా. నవ్వాడు. స్పెయిన్‌ వీసాకి అప్లై చేస్తే రెండుసార్లు కాదన్నారట. 2008లో ఇక్కడి కుర్రాళ్లు ఉద్యోగాలు కావాలని హార్బర్ దగ్గర చేపల లారీలకి అడ్డం కూర్చున్నారు. జూన్ 7న పోలీసులు వచ్చి బలవంతంగా చెదరగొట్టారు. అప్పుడు తనకి ఎనిమిదేళ్లు. "అప్పటికీ ఇప్పటికీ లారీలు అలాగే పోతున్నాయి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి కానరీ దీవుల గురించి, రాత్రి పూట బయల్దేరే పడవల గురించి, తమ వీధిలోంచి వెళ్లినవాళ్ల గురించి చెప్పాడు. చేరినవాళ్ల ఫొటోలు ఫోన్‌లో ఉన్నాయి. చేరనివాళ్లవీ ఉన్నాయి.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన పల్లె. మా నాన్న పదేళ్లు గుజరాత్‌లో వేరావల్‌కి వేటకి వెళ్లాడు. 'తండేల్' చూసినవాళ్లకి ఆ వలస సంగతి తెలుసు. ఆయనకి తప్పక వెళ్లాడు. నేను వెళ్లాలనిపించి వచ్చా. ఇది అతనికి చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ, ఆ రాత్రి మాట్లాడలేకపోయా.

బయల్దేరే ముందు రోజు ఖాల్తీ నన్ను వంటింట్లోకి పిలిచింది. ట్రాన్స్‌లేట్ యాప్‌లో ఏదో మాట్లాడి ఫోన్ నా చేతిలో పెట్టింది. "నువ్వు చెప్తే వింటాడు. పడవ ఎక్కొద్దని చెప్పు." ఆమెకి తెలుసన్నమాట.

సాయంత్రం హార్బర్ దాకా నడుస్తూ చెప్పా. పడవ గురించి కాదు, మా అమ్మ గురించి. తుఫాను వార్త వచ్చిన ప్రతిసారీ అన్నం ముందు పెట్టుకుని, ఫోన్ వైపే చూస్తూ కూర్చునే మా అమ్మ గురించి. అంతా విన్నాడు. "మీ నాన్న వెళ్లకపోతే నీకు లాప్‌టాప్ ఉండేదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అతను కూడా దాని కోసం ఆగలేదు.

మర్నాడు పొగమంచులో టాక్సీ స్టాండ్‌కి నా బ్యాగ్ అతనే మోశాడు. డ్రైవర్‌తో వాదించి ముందు సీటు ఇప్పించాడు. "వీసా ఇంకా ఎన్ని రోజులుంది?" అని అడిగాడు. రెండు రోజులన్నా. ఆరో పాసింజర్ రాగానే బండి కదిలింది. అతను హార్బర్ వైపు వెళ్లిపోయాడు. ఆ రోజు పడవలొస్తున్నాయని కబురొచ్చిందట.