మాత్రల డబ్బా మార్చకండి

పంచదార నీటిలో ఇట్టే కరుగుతుంది. నూనె ఎంత కలిపినా పైకి తేలుతుంది. నీటి అణువులు ఒకదానినొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకొని ఉంటాయి. పంచదార ఆ పట్టులో చేరగలదు, నూనె చేరలేదు. మీరు మింగే మాత్రకూ ఈ సంగతితో పని ఉన్నది.

నేటి మందులలో చాలావాటికి నీటిలో కరగడం కష్టం. కరగనిది రక్తంలోనికి చేరదు. స్ఫటికంలో అణువులు వరుసలు తీరి బిగుసుకొని ఉండడం ఇందుకొక కారణం. ఆ వరుసను చెదరగొట్టి, మందును పాలిమర్‌లో అణువణువుగా కలిపితే త్వరగా కరుగుతుంది. అయితే ఆ కలయిక నిలవాలి కదా! కీళ్ళనొప్పులకు నేను ఎన్నోమార్లు వ్రాసిన ఇండోమెథాసిన్‌నే చూడండి. దాని అణువులు జంటలుగా ఉంటాయి. ప్రయోగశాలలో పాలీవినైల్ పైరోలిడోన్‌తో కలిపినప్పుడు ఆ పాలిమర్‌లోని ఆక్సిజన్ మందులోని హైడ్రోజన్‌ను పట్టుకుంటుంది. జంట విడిపోతుంది. కొత్త తోడు దొరికిన అణువుకు మరల స్ఫటికంగా చేరడం అంత సులభం కాదు.

స్ఫటికం ఎంత మొండిదో 1998లో తెలిసివచ్చింది. హెచ్‌ఐవీ మందు రిటొనావిర్ గుళికలలో అంతవరకు కనబడని స్ఫటికరూపం తలెత్తింది. అణువు అదే, హైడ్రోజన్ బంధాల అల్లిక మాత్రం వేరు. అది సరిగా కరగనందున ఆ గుళికలను ఉపసంహరించుకోవలసి వచ్చింది. 2005లో అమెరికాలో అనుమతి పొందిన లోపినావిర్, రిటొనావిర్ మాత్రలో మందులను కోపోవిడోన్ అనే పాలిమర్‌లో కలిపారు. అంతకుముందరి గుళికల వలె దీనికి ఫ్రిజ్ అక్కరలేదు. ఫ్రిజ్ లేని ఇళ్ళకు అదెంత మేలో చెప్పనలవి కాదు.

చిక్కు తేమతో వస్తుంది. పాలిమర్‌లో మందు పట్టుకొనే చోటును నీరు కూడా పట్టుకోగలదు. అప్పుడు బిగువు సడలి అణువులు కదలసాగుతాయి, స్ఫటికానికి దారి ఏర్పడుతుంది. కనుకనే ఆ మాత్రలను అసలు డబ్బా వెలుపల, అధిక తేమలో రెండు వారాలకు మించి ఉంచవద్దని వివరపత్రంలో వ్రాసి ఉంటుంది. పొడి చేయక మింగమనీ ఉంటుంది.

నా వద్దకు వచ్చినవారిలో ఎందరో మాత్రలన్నిటినీ రేకులలోనుండి తీసి ఒకే ప్లాస్టిక్ డబ్బాలో పోసి తెచ్చేవారు. వారికది సౌకర్యమే, కాదనను. కాని తేమ సోకిన మాత్ర పైకి మునుపటివలెనే కనబడవచ్చు. వారం మందులు ఒకేసారి సర్దుకొనేవారు ముందుగా ఫార్మసిస్టును అడగండి. సీసాలోని సిలికా జెల్ పొట్లాన్ని పారవేయకండి. రేకులోని మాత్రను వేసుకొనే వేళకే తీయండి. పొయ్యి ప్రక్కనున్న గూట్లో మాత్రం మందులు పెట్టకండి.