దుద్దుల రాళ్లు

జూన్ 9, 2024, ఆదివారం

శ్రావణంలో అమ్మాయి పెళ్లి. చీరల పని తేలింది, ఇక వజ్రాల దుద్దులు. షాపులో సేల్స్‌మన్ మొదటి మాటే, "ఎన్ని సెంట్లలో చూపించమంటారు మేడమ్?" సెంటంటే క్యారెట్‌లో నూరోవంతు, క్యారెట్ 200 మిల్లీగ్రాములు. 50 సెంట్ల జత ట్రేలో పెట్టాడు. నెత్తిన వరసగా స్పాట్‌లైట్లు. ఆ వెలుతురులో ఏ రాయైనా ధగధగలాడుతుంది. ఏమీ తేల్చకుండా రాళ్ల ల్యాబ్ రిపోర్టుల నకళ్లు అడిగి తెచ్చుకున్నాను.

జూన్ 11, మంగళవారం

బాబాయి వచ్చాడు. బందరులో ముప్ఫై ఏళ్లకు పైగా రాళ్లు పొదిగిన చెయ్యి. రంగు ఎఫ్, క్లారిటీ వీవీఎస్2 అని చూసి నేను మురిసిపోతుంటే, ఆయన వేలు కట్ దగ్గర ఆగింది. 'ఫెయిర్' అని ఉంది. అడ్డకొలత 4.9 మిల్లీమీటర్లు, లోతు 67 శాతం.

"బరువంతా పొట్టలో దాచారమ్మా. కంటికి ఇది 45 సెంట్ల రాయే."

గుండ్రటి రాయికి లోతు 60–62 శాతం దగ్గర ఉండి, కోణాలు కుదిరితే, పైన పడ్డ వెలుగు అడుగున తగిలి మళ్లీ పైకే వస్తుందట. పొట్ట పెరిగితే ఆ వెలుగు కిందనుంచి జారిపోతుంది, రాయి నడిమధ్య నల్లబడుతుంది. మనం మాత్రం 50 సెంట్ల ధర కడతాం!

జూన్ 13, గురువారం

జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడితే చాలు, జనం వంగి వజ్రాలు వెతుకుతారు. దొరికిన రాయికి రంగూ మచ్చలూ భూమి ఇచ్చినవే. కట్ ఒక్కటే మనిషి చేతిపని. డబ్బు ముందు దానికే పెట్టాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

జూన్ 16, ఆదివారం

ఇంకో షాపు. పదింతలు చూపే లూప్ బాబాయి నా చేతికిచ్చాడు. కంటికి ఆనించి, రాయిని దాని దగ్గరకు తెచ్చాను. మొదట అంతా మసక. నెమ్మదిగా ఒక పక్కన ఈకలాంటి తెల్లటి గీత తేలింది. రాయి నడుం అంచు మీద లేజరుతో చెక్కిన నంబరు; కాగితంలో నంబరుతో అంకె అంకె సరిచూశాం. క్లారిటీ వీఎస్2. లూప్ తీసేస్తే ఆ గీత నాకు కనబడనే లేదు. రంగు హెచ్, బంగారంలో పొదిగాక ఎఫ్‌కీ దీనికీ తేడా తనకే అందదన్నాడు బాబాయి. రాళ్లను గుమ్మం దగ్గరకు, మబ్బు వెలుతురులోకి తెప్పించి చూశాం. అక్కడా బతికే ఉన్నాయి.

సహజమైనవేనా అని కూడా అడిగాను. ల్యాబ్‌లో పెంచినవీ వజ్రాలే, ధర మాత్రం బాగా తక్కువ. వేడిని బట్టి చెప్పే టెస్టర్ పెన్ను రెండింటినీ వజ్రమనే అంటుంది. తేడా చెప్పేది ల్యాబ్ రిపోర్టే; అందులో 'సహజ వజ్రం' అని చూశాకే సరేనన్నాను.

45 సెంట్ల జత తీసుకున్నాం. కట్ ఎక్స్‌లెంట్. అడ్డకొలత ఇక్కడా 4.9 మిల్లీమీటర్లే. బిల్లులో రాళ్ల బరువు, బంగారం బరువు విడివిడిగా, రిపోర్టు నంబర్లతో సహా రాయించాను.