అతుకు కింద నీళ్లు

ఈసారి పంట గురించి కాదు, ట్రాక్టరు ట్రక్కు గురించి రాస్తున్నా. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇంటి దగ్గర పాత ట్రక్కు ఉన్నవాళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

మా ట్రక్కు కొని పదిహేనేళ్లు దాటింది. మూడేళ్ల కిందట ముందు మూలలో అడుగు రేకు తుప్పు పట్టి అరచెయ్యంత బొక్క పడింది. వడ్లు కారిపోతున్నాయని వెల్డింగ్ షాపుకి తోలుకెళ్లా. మేస్త్రీ కింద పడుకుని చూసి, "చుట్టూ కూడా పోయిందండీ, ఈ ముక్కంతా కోసేసి కొత్తది వేద్దాం" అన్నాడు. అప్పుడు కోతల హడావుడి. వడ్ల డబ్బులు ఇంకా చేతికి రాలేదు. "ఈ పంటకి పైన ఒక అతుకు వెయ్యవయ్యా, తర్వాత చూద్దాం" అన్నా. పల్చటి రేకు పరిచి అంచుల్లో అక్కడక్కడా వెల్డింగ్ చుక్కలు పెట్టాడు. నేను రంగు కొట్టా. చూడ్డానికి కొత్తదానిలా ఉంది. ఆ 'తర్వాత' మూడేళ్లయినా రాలేదు.

మొన్న సార్వా వడ్లు కాటా వేసి ఎత్తుతున్నాం. ముఠాలో ఒక కుర్రాడు బస్తా వీపున వేసుకుని ట్రక్కులో ముందు మూలకి వెళ్లాడు. బస్తా 75 కిలోలు, మనిషి ఓ అరవై. అంత బరువూ ఒక్క కాలి మీద పడింది. చప్పుడు వినపడి చూసేసరికి మోకాలి దాకా దిగబడిపోయి ఉన్నాడు. తుప్పు రేకు అంచు పిక్కని చీల్చేసింది. తొమ్మిది కుట్లు, టీటీ ఇంజెక్షను. మంచి పని దొరికే రోజుల్లో ఇరవై రోజులు మంచాన ఉన్నాడు.

ఆస్పత్రి ఖర్చూ, ఆ రోజుల కూలీ నేనే ఇచ్చా. గొప్పగా చెప్పుకోడానికి కాదు, అది నా తప్పు కాబట్టి. చూడ్డానికి వెళ్తే వాడు ఒక్క మాట అన్నాడు. "మిగతా చోట్ల పాతది కదా అని జాగ్రత్తగా నడిచాను బాబాయ్. అక్కడ కొత్త రేకు కనపడింది, ధైర్యంగా కాలేశా."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. బొక్క బొక్కలాగే ఉంటే వాడు పక్కనుంచి వెళ్లేవాడు. నేను రంగు కొట్టి మోసం చేసినట్టయింది.

తర్వాత అతుకు ఊడదీయించి చూశా. అతుకు రేకు బాగానే ఉంది. దాన్ని పట్టుకున్న పాత రేకే పొరలు పొరలుగా రాలిపోయింది. రెండు రేకుల మధ్య తడి మన్నూ, పెంటా ముద్దగా ఉన్నాయి. వానలు వెళ్లి నెల దాటినా ఆ ముద్ద ఆరలేదు. అంచులు పూర్తిగా మూయకపోవడంతో నీళ్లు లోపలికి దిగాయి, ఎండ తగలక బయటికి పోలేదు. కింద అడ్డంగా ఉండే చానెల్ ఒకటి కూడా తినేసింది.

అసలు నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడకుండా అతుకు వెయ్యడం దండగ. నా తప్పులు మూడు. ఒకటి, కొట్టం చూరు కింద ట్రక్కు పెట్టేవాణ్ణి. చూరు నీళ్లన్నీ సరిగ్గా ఆ మూలలోనే పడేవి. రెండు, ముందు స్టాండు పల్లంలో ఉండేది, నీళ్లు వెనక్కి జారకుండా ముందే నిలిచేవి. మూడు, పొటాష్, యూరియా కట్టలు చిరిగి ఒలికినా, పెంట తోలినా కడిగేవాణ్ణి కాదు. పొటాష్ కూడా ఒక రకం ఉప్పే. తడి తగిలితే ఇనుముని ఊరికే వదలదు.

ఈసారి తుప్పు పట్టినంత మేరా కోయించి, గట్టి ఇనుము తగిలేదాకా వెళ్లాం. చానెల్ మార్చాం. వైరు బ్రష్షుతో గీకి, రెండు రోజులు ఎండబెట్టి, 3 మిల్లీమీటర్ల రేకు వేసి అంచులన్నీ పూర్తిగా వెల్డింగ్ చేయించా. రెడ్ ఆక్సైడ్ రెండు కోటింగులు, పైనా కిందా. మనం పైన కొట్టి కింద వదిలేస్తాం, తినేది కిందనుంచే. నాలుగు మూలల్లో నీళ్లు పోడానికి చిన్న బెజ్జాలు పెట్టించా. గింజలు కారతాయి కదా అంటారేమో, వడ్లు పోసేటప్పుడు ఎలాగూ పట్టా వేస్తాం.

ఇప్పుడు స్టాండు కింద రాయి పెట్టి ముందు భాగం ఎత్తులో ఉంచుతున్నా. వెనక తలుపు తీసే ఉంచుతా. చూరుకి దూరంగా నిలబెడుతున్నా. దీనికి పైసా ఖర్చు లేదు. మూడేళ్ల కిందటే చేసుంటే సరిపోయేది.

మీరూ ఒకసారి ట్రక్కు కిందకి దూరి చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది. పోయిన చోట మొద్దుగా టప్‌మంటుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి, దిగిందంటే ఆ ముక్క కోయించాల్సిందే. ఆ రోజుకి డబ్బుల్లేకపోతే అతుకు వేసి రంగు కొట్టకండి. బొక్క కనపడేలా వదిలేసి, అక్కడ కాలెయ్యొద్దని ఎక్కేవాళ్లకి చెప్పండి.

ఆ కుర్రాడు మళ్లీ పనిలోకి వస్తున్నాడు. దాళ్వా వడ్లకీ మా ట్రక్కే. మొదటిరోజు ఎక్కేముందు రేకు మీద పాదంతో రెండుసార్లు తట్టి చూశాడు. నేనేమీ అనలేదు. నా పక్కనే నిలబడ్డ మా అబ్బాయి కూడా చూశాడు, వాడూ ఏమీ అనలేదు.